స్విచ్‌పై పక్క యంత్రాల ట్రాఫిక్ కనిపించినప్పుడు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు ఒక మధ్యతరహా కార్యాలయానికి సంబంధించినది. సంస్థ పేరును, అక్కడివారి వివరాలను పూర్తిగా వదిలేశాను; యంత్రాల సంఖ్యను, పని వేళలను ఎవరూ పోల్చుకోలేనంతగా మార్చాను. సాంకేతికంగా ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది అన్న క్రమాన్ని మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఇందులో నేర్చుకోవలసినదంతా ఆ క్రమంలోనే ఉంది.

అక్కడ సుమారు 40 కంప్యూటర్లు, అవన్నీ ఆధారపడిన ఒక అప్లికేషన్ సర్వర్, దాని డేటాబేస్ నకలును భద్రపరిచే ఒక బ్యాకప్ సర్వర్ ఉన్నాయి. చాలాకాలం ఇవన్నీ 100 మెగాబిట్ హబ్‌ల మీదే నడిచాయి. ఒక హబ్‌కు పాత కంప్యూటర్‌ను తగిలించి, అందులో ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌ను, ట్రాఫిక్ గ్రాఫ్ గీసే ఒక చిన్న ప్రోగ్రామ్‌ను నడుపుతూ నెట్‌వర్క్‌ను గమనించేవారు. నేను వెళ్లడానికి ఏడాది ముందు హబ్‌లను తీసేసి 48 పోర్టుల గిగాబిట్ స్విచ్‌ను అమర్చారు. పర్యవేక్షణ కంప్యూటర్ కేబుల్‌ను హబ్ నుంచి తీసి స్విచ్‌లో ఖాళీగా ఉన్న పోర్ట్‌లో పెట్టారు. దాని చూపు ఆ రోజుతో మారిపోయిందని ఎవరికీ తోచలేదు.

హబ్‌కు చిరునామాలతో పని లేదు. ఒక పోర్ట్‌లోకి వచ్చిన విద్యుత్ సంకేతాన్ని సరిచేసి మిగతా అన్ని పోర్టుల మీదికి పంపడమే అది చేసే పని. కాబట్టి హబ్‌కు తగిలించిన ఏ యంత్రమైనా, తన నెట్‌వర్క్ కార్డును ప్రామిస్క్యుయస్ మోడ్‌లో (తనది కాని ట్రాఫిక్‌నూ పారేయకుండా తీసుకునే స్థితిలో) పెట్టుకుంటే, ఎవరు ఎవరికి పంపిన ఫ్రేమునైనా (నెట్‌వర్క్‌పై వెళ్లే డేటా మూటనైనా) చదవగలదు. స్విచ్ అలా కాదు. వచ్చిన ప్రతి ఫ్రేములో పంపినవారి మ్యాక్ చిరునామాను (ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే గుర్తింపు సంఖ్యను) చూసి, ఆ చిరునామా ఏ పోర్ట్ వెనుక ఉందో తన పట్టికలో రాసుకుంటుంది. తరువాత ఆ చిరునామాకు వచ్చే ఫ్రేములను ఆ ఒక్క పోర్ట్‌కే పంపుతుంది. అందరికీ ఉద్దేశించిన బ్రాడ్‌కాస్ట్‌లను మాత్రం అన్ని పోర్టులకూ పంపుతుంది. పట్టికలో లేని చిరునామాకు ఫ్రేము వస్తే, అది ఎక్కడుందో తెలియదు కాబట్టి, దాన్ని కూడా అన్ని పోర్టుల మీదికీ వదులుతుంది. దీన్నే ఫ్లడింగ్ అంటారు. ఈ కేసంతా ఈ చివరి నియమం మీదే నడిచింది.

సమస్య

నన్ను పిలిచేనాటికి రెండు వారాలుగా ఒకే ఫిర్యాదు వస్తోంది. మధ్యాహ్నం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు, కొందరి స్క్రీన్లు కదలకుండా నిలిచిపోతున్నాయి. కొన్ని సెకన్ల తరువాత వాటంతట అవే కదులుతున్నాయి. అందరికీ ఇలా జరగడం లేదు, ప్రతిరోజూ జరగడం లేదు. ఎక్కువగా ఇబ్బంది పడుతున్న ఒక ఉద్యోగిని ప్రతి స్తంభననూ గడియారం చూసి కాగితం మీద రాసి ఉంచారు. అందులో ఎక్కువ అంకెలు మూడు, ఆరు, పన్నెండు సెకన్ల చుట్టూనే ఉన్నాయి. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకున్నాను. మనిషి విసుగులోంచి వచ్చే అంచనాలు ఇలా ఒకదానికొకటి రెట్టింపుగా రావు. వాటి వెనుక ఏదో టైమర్ ఉండే తీరాలి.

పర్యవేక్షణ కంప్యూటర్‌ను చూసుకునే వ్యక్తి నాకు రెండు సంగతులు చెప్పారు. మొదటిది, స్విచ్ పెట్టాక ట్రాఫిక్ బాగా తగ్గింది, కాబట్టి నెట్‌వర్క్‌లో రద్దీ లేదు. రెండవది, మధ్యాహ్నం, సాయంత్రం గ్రాఫ్ పైకి లేస్తుంది, కానీ అది అప్లికేషన్ సర్వర్ నుంచి బ్యాకప్ సర్వర్‌కు వెళ్లే నకలే, దానికీ ఫిర్యాదులకూ సంబంధం లేదు. ఆయన నిజాయితీగా, తాను చూసినదే చెప్పారు. హబ్ ఉన్న రోజుల్లో ఈ రెండు మాటలూ సరైనవే. స్విచ్ మీద మొదటి మాటకు ఆధారం లేదు, రెండవ మాటలోనే జబ్బు దాగి ఉంది. అయితే ఆ రోజు మొదటిదాన్ని పట్టుకున్నాను గానీ రెండవదాన్ని వినీ వదిలేశాను.

చేసి చూసినవి, ఫలించనివి

ముందుగా ఆ కంప్యూటర్‌లో ప్రామిస్క్యుయస్ మోడ్ సరిగా ఉందో లేదో చూశాను. ఉంది. ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు. తన గుమ్మం దాకా వచ్చిన ఫ్రేమును కార్డు పారేయకుండా ఉంచడం వరకే ఆ మోడ్ పని. స్విచ్ అసలు పంపని ఫ్రేమును అది ఎక్కడి నుంచీ తేలేదు. స్విచ్‌ను తికమక పెట్టి ట్రాఫిక్‌ను తనవైపు రప్పించుకునే పద్ధతులు ఉన్నాయి: నకిలీ మ్యాక్ చిరునామాలతో పట్టికను నింపేయడం, తప్పుడు ఏఆర్‌పీ జవాబులు (ఒక ఐపీ చిరునామాకు ఏ మ్యాక్ చిరునామా అన్న ప్రశ్నకు వచ్చే జవాబులు) పంపడం. అవి దాడి చేసేవారు వాడే పద్ధతులు. పని నడుస్తున్న కార్యాలయంలో అవి కొత్త స్తంభనలను పుట్టిస్తాయి, అసలు స్తంభన ఏదో గుర్తించలేకుండా చేస్తాయి. అందుకే వాటిని పరిగణనలోకే తీసుకోలేదు.

నా అనుమానం సర్వర్ మీద ఉంది. కాబట్టి సర్వర్‌కూ స్విచ్‌కూ మధ్య వాళ్ల పాత హబ్ ఒకదాన్ని పెట్టి, దానికి నా ల్యాప్‌టాప్‌ను తగిలిద్దామనుకున్నాను. పైన హబ్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకూడదని అనుభవం నేర్పింది: కొన్ని పెట్టెలు లోపల స్విచ్‌లే అయి ఉంటాయి, 10, 100 రెండు వేగాలూ ఉన్న హబ్‌లలో ఆ రెండు భాగాల మధ్య ఒక చిన్న వారధి ఉండి, 10 మీద ఉన్న యంత్రానికి 100 మీద నడిచే ఇతరుల ట్రాఫిక్ కనిపించదు. అందుకని ముందు రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య పింగ్ (చిన్న పరీక్షా ప్యాకెట్లు) నడిపి, మూడవ పోర్ట్ నుంచి చూశాను. పింగ్‌లు కనిపించాయి. అది నిజమైన హబ్బే.

అయినా ఆ ప్రయోగం విఫలమైంది. హబ్ మీద ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు మాట్లాడకూడదు, అంటే హాఫ్ డ్యూప్లెక్స్ తప్పదు. పైగా గిగాబిట్ వేగంలో హబ్‌లు మార్కెట్‌లోకి రానే లేదు. కాబట్టి ఒక గిగాబిట్, ఫుల్ డ్యూప్లెక్స్‌లో (రెండు దిశల్లో ఒకేసారి) నడుస్తున్న సర్వర్ లింకు నేను హబ్ పెట్టిన క్షణాన 100 మెగాబిట్, హాఫ్ డ్యూప్లెక్స్‌కు పడిపోయింది. కొలిజన్లు, అంటే ఒకేసారి పంపిన సంకేతాలు ఢీకొనడం, మొదలయ్యాయి. అప్లికేషన్ అందరికీ మందగించింది. క్యాప్చర్ (పట్టి నిల్వచేసిన ట్రాఫిక్) నిండా తిరిగి పంపిన ప్యాకెట్లు ఉన్నాయి గానీ, వాటిలో ఏవి అసలు జబ్బువో, ఏవి నేను పెట్టిన హబ్ వల్ల పుట్టినవో విడదీయడానికి వీల్లేకపోయింది. ఇరవై నిమిషాల్లో హబ్‌ను తీసేశాను.

ఒక సంగతి మాత్రం నోట్సులో రాసుకున్నాను. హబ్ ఉన్న ఆ ఇరవై నిమిషాల్లో, మధ్యాహ్నపు బ్యాకప్ నడుస్తూనే ఉన్నా, పన్నెండు సెకన్ల స్తంభన ఒక్కటి కూడా రాలేదు. అందరికీ నెమ్మదిగా ఉంది, కానీ ఎవరి స్క్రీనూ పూర్తిగా నిలిచిపోలేదు. ఎందుకో ఆ రోజు నాకు బోధపడలేదు.

తరువాత స్విచ్‌లోని పోర్ట్ మిర్రరింగ్ వాడాను. ఎంచుకున్న పోర్టుల ట్రాఫిక్‌కు నకలు తీసి ఒక పర్యవేక్షణ పోర్ట్‌కు పంపే సదుపాయం ఇది. దీనికి ముందు యాజమాన్యం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నాను, ప్రతి ఫ్రేములో మొదటి 96 బైట్లు మాత్రమే నిల్వ అయ్యేలా పెట్టాను. హెడర్లు చాలు, అక్కడివారు రాసుకునే సమాచారం నా డిస్క్ మీద ఉండవలసిన అవసరం లేదు. అయితే తొందరలో పోర్టులన్నింటినీ ఒకేసారి మిర్రర్ చేశాను. హబ్ మీద చూసినట్టు మొత్తం ఒకే చోట చూడాలన్న పాత అలవాటే అందుకు కారణం. ఒక గిగాబిట్ ఫుల్ డ్యూప్లెక్స్ పోర్ట్ ఒక్కటే రెండు దిశల్లో కలిపి రెండు గిగాబిట్ల దాకా మోయగలదు. మిర్రర్ పోర్ట్ బయటికి పంపగలిగేది ఒక గిగాబిట్. మిగిలినది స్విచ్‌లోనే రాలిపోతుంది.

వైర్‌షార్క్ ఆ సంగతిని దాచలేదు. తాను చూడని సెగ్మెంట్‌కు (డేటా ముక్కకు) ఎదుటివారు రసీదు పంపారని వందల చోట్ల గుర్తు పెట్టింది. ఆ గుర్తును చదవడం ఈ వృత్తిలో ఉన్నవారికి చాలా ముఖ్యం. గ్రహీత రసీదు ఇచ్చాడంటే ప్యాకెట్ చేరింది. నా క్యాప్చర్‌లో లేదంటే పోయింది నా నకలులోనే, నెట్‌వర్క్‌లో కాదు. అలాంటి గుర్తులు ఇన్ని ఉన్న ఫైలును ఆధారంగా తీసుకోకూడదు. దాన్ని పక్కన పెట్టేశాను.

ఫలించినది

ఈసారి సర్వర్ పోర్ట్‌ను ఒక్కదాన్నే మిర్రర్ చేశాను. బ్యాకప్ నడుస్తున్నప్పుడు కూడా ఆ పోర్ట్ తన సామర్థ్యంలో సగానికి మించి వాడటం లేదు, కాబట్టి నకలు చెక్కుచెదరకుండా వచ్చింది. సర్వర్ ప్రతి అభ్యర్థనకూ వెంటనే జవాబు పంపుతోంది. స్తంభన సమయంలో మాత్రం పంపిన జవాబుకు క్లయింట్ (ఉద్యోగి కంప్యూటర్) నుంచి రసీదు రావడం లేదు. సర్వర్ 0.2 సెకన్లు ఆగి మళ్లీ పంపుతోంది, తరువాత 0.4, తరువాత 0.8, 1.6, 3.2, 6.4. కూడితే నాలుగవసారికి 3.0 సెకన్లు, అయిదవసారికి 6.2, ఆరవసారికి 12.6. ఆ ఉద్యోగిని కాగితం మీది అంకెలు ఇవే. విఫలమైన ప్రతిసారీ ఆగే వ్యవధిని రెట్టింపు చేసే టీసీపీ (రసీదు రాని డేటాను మళ్లీ పంపే నియమావళి) టైమర్‌ను ఆమె తెలియకుండానే కొలిచారు.

దీనితో సర్వర్ మీది అనుమానం పోయింది. జవాబు సర్వర్‌ను దాటింది, క్లయింట్‌ను చేరలేదు. క్లయింట్ నుంచి వచ్చే ప్యాకెట్లు బాగానే వస్తున్నాయి. అంటే పోతున్నది స్విచ్ నుంచి క్లయింట్ వైపు వెళ్లే దారిలోనే. స్విచ్ పోర్ట్ లెక్కలు తెరిచి చూస్తే, బయటికి పంపలేక పారేసిన ఫ్రేముల సంఖ్య కొన్ని పోర్టుల మీద మాత్రమే పెరుగుతోంది. అవన్నీ పాత నెట్‌వర్క్ కార్డులున్న, 100 మెగాబిట్ వేగంతో కలిసిన కంప్యూటర్లవి. ఫిర్యాదు చేసినవారి జాబితా, ఆ పోర్టుల జాబితా ఒకటే.

ఒక మామూలు కంప్యూటర్‌కు, ఎవరో ఒకరు ఫారం నింపుకుంటున్న సమయంలో, 100 మెగాబిట్ లింకు నిండిపోయేంత ట్రాఫిక్ ఎక్కడి నుంచి వస్తుంది? అలాంటి ఒక పోర్ట్‌ను మిర్రర్ చేశాను. స్క్రీన్ మీద వరుసలు వరదలా దిగుతున్నాయి. పంపినవారు అప్లికేషన్ సర్వర్, అందుకోవలసినవారు బ్యాకప్ సర్వర్, అన్నీ పూర్తి పరిమాణపు ఫ్రేములే. వాటిలో ఒక్కటి కూడా ఆ కంప్యూటర్‌ది కాదు.

పర్యవేక్షణ బాధ్యుడు మొదటి రోజే చెప్పిన రెండవ మాట అప్పుడు గుర్తుకు వచ్చింది. బ్యాకప్ ట్రాఫిక్ తన గ్రాఫ్‌లో కనిపిస్తోందని ఆయన చెప్పారు. మిర్రరింగ్ లేని మామూలు పోర్ట్‌లో ఉన్న ఆ యంత్రానికి రెండు సర్వర్ల మధ్య నడిచే ట్రాఫిక్ కనిపించనే కూడదు! గ్రాఫ్‌ను మళ్లీ తెరిచాను. రేఖ పైకి లేచి, నెత్తి మీద చదునుగా, సెకనుకు సుమారు 8,100 ఫ్రేముల దగ్గర నిలిచి ఉంది. పూర్తి పరిమాణపు ఈథర్‌నెట్ ఫ్రేములు 100 మెగాబిట్ లింకులో పట్టేది అంతే. అందరూ దాన్ని బ్యాకప్ వేగం అనుకున్నారు. నిజానికి అది ఆ పాత కంప్యూటర్ లింకు నిండిపోయిన గీత. మిగతా 100 మెగాబిట్ కంప్యూటర్లు పడుతున్న ఇబ్బందే అదీ పడుతూ, ఏడాదిగా మూగదైన యంత్రం ఆ రెండు వారాలూ నిజం చెబుతూనే ఉంది.

ఇక మిగిలింది స్విచ్ ఎందుకు ఫ్లడ్ చేస్తోందన్న ప్రశ్న. ఆ ఫ్రేముల గమ్యపు మ్యాక్ చిరునామాను స్విచ్ పట్టికలో వెతికాను. లేదు. ఆ చిరునామా బ్యాకప్ సర్వర్ రెండవ నెట్‌వర్క్ పోర్ట్‌ది. మూడు వారాల కిందట, బ్యాకప్ త్వరగా ముగియాలని ఎవరో మంచి ఉద్దేశంతోనే ఆ సర్వర్‌కు రెండవ కేబుల్ కలిపి, అదే సబ్‌నెట్‌లో (ఐపీ చిరునామాల సమూహంలో) రెండవ ఐపీ చిరునామా ఇచ్చి, బ్యాకప్‌ను దానికి మళ్లించారు. డేటా రెండవ పోర్ట్‌లోకి వస్తోంది. కానీ ఒకే సబ్‌నెట్‌కు రెండు దారులున్నప్పుడు ఆ లైనక్స్ యంత్రం జవాబులన్నింటినీ మొదటి పోర్ట్ నుంచే పంపుతోంది. రెండవ పోర్ట్ వింటుంది తప్ప మాట్లాడదు. మాట్లాడని యంత్రాన్ని స్విచ్ గుర్తుపెట్టుకోదు. సాధారణంగా 300 సెకన్లు ఒక చిరునామా నుంచి ఏ ఫ్రేమూ రాకపోతే దాన్ని పట్టికలోంచి తీసేస్తుంది.

పంపే సర్వర్ మధ్యలో మళ్లీ ఏఆర్‌పీ అడిగితే, రెండవ పోర్ట్ జవాబిచ్చి పట్టికలో చేరేది. కానీ టీసీపీ రసీదులు సజావుగా వస్తుండటంతో, అవతలి చిరునామా సరైనదేనని సర్వర్ నిశ్చింతగా ఉంది, మళ్లీ అడగలేదు. అందుకే బ్యాకప్ మొదలైన అయిదు నిమిషాల దాకా ఎవరికీ ఇబ్బంది లేదు, ఆ తరువాత ముగిసేదాకా వరదే. నకలు చిన్నదై అయిదు నిమిషాల్లో ముగిసిన రోజున ఫిర్యాదే రాలేదు. పైగా ఇలాంటి అమరికలో మొదటి ఏఆర్‌పీ ప్రశ్నకు రెండు పోర్టులూ తమ తమ మ్యాక్ చిరునామాలతో జవాబివ్వగలవు. మొదటి పోర్ట్ జవాబు నిలిచిన రోజున ఎంత పెద్ద బ్యాకప్ అయినా సమస్య రాదు. హబ్ పెట్టిన ఇరవై నిమిషాల్లో పెద్ద స్తంభనలు లేకపోవడానికి కారణం కూడా ఇప్పుడు తెలిసింది: సర్వర్ లింకే 100 మెగాబిట్ హాఫ్ డ్యూప్లెక్స్‌కు పడిపోయినప్పుడు, క్లయింట్ల లింకులను నింపేంత వరద పుట్టదు.

ఊహ సరైనదో కాదో తేల్చడానికి ఒకే ఒక పరీక్ష చేశాను. వరద నడుస్తుండగా బ్యాకప్ సర్వర్ రెండవ పోర్ట్ నుంచి ఒక్క ఏఆర్‌పీ ప్రశ్న పంపించాను. ల్యాప్‌టాప్ మీద దూసుకుపోతున్న వరుసలు ఆ క్షణంలోనే ఆగిపోయాయి. అప్పుడొకటి, ఇప్పుడొకటి బ్రాడ్‌కాస్ట్ మాత్రమే మిగిలింది. గడియారం చూస్తూ కూర్చున్నాము. సరిగ్గా అయిదు నిమిషాలకు వరద మళ్లీ మొదలైంది.

పరిష్కారం

ఆ సాయంత్రానికి స్విచ్‌లో ఆ మ్యాక్ చిరునామాను దాని పోర్ట్‌కు స్థిరంగా రాసిపెట్టాను. ఫిర్యాదులు ఆగిపోయాయి. కానీ అది తాత్కాలికమే: రేపు ఎవరైనా ఆ కేబుల్‌ను ఇంకో పోర్ట్‌లోకి మారిస్తే, స్విచ్ పాత పోర్ట్‌కే పంపుతూ ఉంటుంది, బ్యాకప్ ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. పట్టిక కాలపరిమితిని గంటలకు పెంచుదామన్న సూచన వచ్చింది. దానివల్ల వరద వాయిదా పడుతుందే తప్ప పోదు, చోటు మారిన యంత్రాల పాత నమోదులు కూడా గంటల తరబడి నిలిచిపోతాయి, కాబట్టి వద్దన్నాను. చివరికి బ్యాకప్‌కు ప్రత్యేక సబ్‌నెట్‌ను, ప్రత్యేక వీల్యాన్‌ను (స్విచ్‌లోనే వేరుచేసిన నెట్‌వర్క్‌ను) ఏర్పరచి, రెండవ పోర్ట్‌ను అందులోకి మార్చాము. ఇప్పుడు ఆ పోర్ట్ తన జవాబులను తానే పంపుతుంది. ఒకవేళ ఫ్లడింగ్ జరిగినా అది ఆ వీల్యాన్ దాటి ఉద్యోగుల కంప్యూటర్ల దాకా రాదు.

నేర్చుకున్నవి

ఈ కేసు నా పద్ధతిని రెండు చోట్ల మార్చింది. క్యాప్చర్ మొదలుపెట్టే ముందు, నేను నిలబడిన చోటు నుంచి ఏమి కనిపించాలి, ఏమి కనిపించకూడదు అన్నది ఇప్పుడు కాగితం మీద రాసుకుంటాను. హబ్ మీద ఇతరుల ట్రాఫిక్ కనిపించడానికి ఏ అర్థమూ లేదు; కనిపించకపోతే మాత్రం అది లేదనే చెప్పవచ్చు. స్విచ్ మీద ఇది తలకిందులవుతుంది: కనిపించకపోవడానికి అర్థం లేదు, కనిపిస్తే దానికి కారణం వెతకాలి. ఆ కాగితం మొదటి రోజే రాసి ఉంటే, గ్రాఫ్ గురించి విన్న వెంటనే మ్యాక్ పట్టిక తెరిచేవాణ్ని, మూడు రోజులు మిగిలేవి.

రెండవది, క్యాప్చర్‌ను ముందుగా బాధపడుతున్న యంత్రం దగ్గరే పెడతాను. సర్వర్ పోర్ట్ దగ్గర బ్యాకప్ ఫ్రేములు సహజమైనవి, అక్కడ వాటిని చూసినా అనుమానం రాదు. అవే ఫ్రేములు క్లయింట్ పోర్ట్ దగ్గర కనిపించినప్పుడే తప్పు బయటపడింది. మిర్రరింగ్ సరిపోని చోట, ముఖ్యంగా చెడిపోయిన ఫ్రేములను చూడవలసినప్పుడు, ట్యాప్ (కేబుల్ మధ్యలో పెట్టి ట్రాఫిక్ నకలు తీసే పరికరం) వాడటం మంచిది, ఎందుకంటే స్విచ్‌లు సాధారణంగా అలాంటి ఫ్రేములను మిర్రర్ పోర్ట్‌కు పంపకుండానే పారేస్తాయి. అయితే గిగాబిట్ రాగి కేబుల్‌లో నాలుగు జతల మీదా రెండు దిశల సంకేతాలూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి, అక్కడ కరెంటు అక్కరలేని సాదా ట్యాప్ పనిచేయదు. సంకేతాలను విడదీసే ఎలక్ట్రానిక్స్ ఉన్న ట్యాప్ కావాలి.

ఆ పాత పర్యవేక్షణ కంప్యూటర్‌ను తీసేద్దామని అక్కడివారు అన్నారు. ఉంచమని అడిగాను. సాధారణ పర్యవేక్షణకు మిర్రర్ పోర్ట్ మీద ఇంకో యంత్రాన్ని పెట్టి, దీన్ని మాత్రం మామూలు పోర్ట్‌లోనే ఉంచి, తనకు వచ్చినవి, బ్రాడ్‌కాస్ట్‌లు, మల్టీకాస్ట్‌లు (ఒక గుంపుకు ఉద్దేశించినవి) తప్ప మిగతావి మాత్రమే లెక్కపెట్టేలా ఫిల్టర్ రాశాము. ఆ లెక్క దాదాపు సున్నా దగ్గర ఉండాలి. పది సెకన్లకు మించి పైన నిలిస్తే అది సందేశం పంపుతుంది. నాలుగు నెలల్లో రెండుసార్లు పంపింది. ఒకటి స్విచ్‌ను రీస్టార్ట్ చేసి పట్టిక ఖాళీ అయిన రోజున. రెండవది, ఇంకొక సర్వర్‌కు ఎవరో రెండవ కేబుల్ కలిపిన మధ్యాహ్నం. ఆ కేబుల్‌ను ఒక్క ఫిర్యాదూ రాకముందే తీసేశారు.